బ్రాకియల్ ప్లెక్సస్ గాయం: చేతికన్నా ముందు తేదీ చూడండి

"నరం కదా, మెల్లగా వస్తుంది. ఆరు నెలలు చూద్దాం." బైక్ మీంచి పడి చెయ్యి మొత్తం వేలాడిపోయినవాళ్లకు మన దగ్గర అందరికన్నా ఎక్కువగా వినిపించే మాట ఇది. ఎముకల డాక్టరు అంటారు, పక్కింటివాళ్లు అంటారు, ఒక్కోసారి ఫిజియోలం మనమే అంటాం. మాటలో ఓదార్పు ఉంది. కాకపోతే కొన్ని గాయాల్లో సరిగ్గా ఆ ఆరు నెలలే ఆపరేషన్‌కు పనికొచ్చే కాలం. అది కాస్తా కరెంటు పెట్టించుకోవడంలో, నూనె రాయించుకోవడంలో కరిగిపోతుంది.

చేతుల పునరావాసంలో కొత్తగా పనిచేస్తున్న థెరపిస్టులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లికే బ్రాకియల్ ప్లెక్సస్, దాని బొమ్మ గీయకుండా కోర్సు దాటినవాళ్లు ఉండరు. పరీక్ష అయ్యాక దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లూ తక్కువే. బొమ్మ అంతా నోటికి రాకపోయినా కొంప మునగదు. ఎక్కడ తెగింది, ఎన్నాళ్లయింది అనే రెండు ప్రశ్నలు వదలకుండా పట్టుకుంటే చాలు, ఆ నెలలో ఆ పేషెంట్‌కు మనం చేయాల్సిందేమిటో తెలిసిపోతుంది.

పుట్టినప్పుడే పసిపిల్లలకు వచ్చే ప్లెక్సస్ గాయం కథ వేరు, దాన్ని ఇక్కడ ముట్టుకోవడం లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మూడు నెలలు నిండినా పాప మోచెయ్యి తనంతట తాను వంచడం లేదంటే, అప్పటికే ప్లెక్సస్ సర్జన్ చూసి ఉండాలి.

పడటం ఎలా పడ్డాడు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. చెయ్యి పోగొట్టుకుని ప్రాణంతో బయటపడినవాళ్లకు ఆ పట్టికలో గడి లేదు. మన దగ్గరికి వచ్చేది వాళ్లే, ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న మగపిల్లలు. హెల్మెట్ తలను కాపాడుతుంది, భుజానికి అలాంటిదేమీ లేదు.

బండి మీంచి ఎగిరిపడినప్పుడు భుజం నేలకు కొట్టుకుని ఆగిపోతుంది, తల మాత్రం ఇంకా అటు పక్కకు వెళ్తూనే ఉంటుంది. మెడకూ భుజానికీ మధ్య కోణం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. వెన్నుపాము నుంచి చేతికి బయల్దేరే నరాల మొదళ్లను రూట్లంటాం, పై నుంచి కిందికి సి5, సి6, సి7, సి8, టి1. ఆ లాగుడు ముందుగా పడేది పైనున్న సి5, సి6 రూట్ల మీద. చెయ్యి పైకి లాగబడితే, ఉదాహరణకు పడిపోతూ పైనున్నదేదో పట్టుకుంటేనో, నూర్పిడి యంత్రం బెల్టు చేతిని లాక్కుంటేనో, కింద ఉన్న సి8, టి1 తెగుతాయి. వేగం బాగా ఎక్కువగా ఉంటే అయిదూ పోతాయి. అందుకే కేస్ షీట్‌లో "ఆర్‌టీఏ" (రోడ్డు ప్రమాదం) అని మూడక్షరాలు చూసి వదిలేయకండి. ఎలా పడ్డాడో, ఏ పక్కకు పడ్డాడో అడగండి. అతనికి గుర్తులేకపోతే వెనక కూర్చున్న స్నేహితుణ్ణి అడగండి.

స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఈ ఆపరేషన్లు చేసిన నరకాస్ అనే సర్జన్, తాను చూసిన వెయ్యికి పైగా పేషెంట్ల అనుభవాన్ని 1985లో డెబ్భైల లెక్కగా చెప్పాడు. ప్లెక్సస్ గాయాల్లో సుమారు 70 శాతం రోడ్డు ప్రమాదాల వల్ల వస్తాయి. వాటిలో 70 శాతం రెండు చక్రాల బండ్లవి. అలా పడ్డవాళ్లలో 70 శాతం మందికి వేరే గాయాలు కూడా ఉంటాయి. 70 శాతం గాయాలు కాలర్‌బోన్‌కు పైభాగంలో ఉంటాయి. వాటిలో 70 శాతంలో కనీసం ఒక రూట్ వెన్నుపాము నుంచే ఊడిపోయి ఉంటుంది. ఈ అంకెలు కచ్చితంగా అంతేనా అని పట్టుబట్టక్కర్లేదు. "వేరే గాయాలు కూడా" అన్నదాన్ని మాత్రం మన ఆసుపత్రుల్లో రోజూ చూస్తాం. కుర్రాడు తల దెబ్బతో వారాల తరబడి ఐసీయూలో ఉంటాడు, తర్వాత తొడ ఎముకకు రాడ్ వేస్తారు, చెయ్యి గురించి ఎవరికీ ధ్యాస ఉండదు. స్పృహ వచ్చాక స్పంజుతో ఒళ్లు తుడుస్తూ వాళ్లమ్మ గమనిస్తుంది, ఈ చెయ్యి అసలు కదలడం లేదని. తల దెబ్బ కాబట్టి పక్షవాతం అనుకుని ఇంకో నెల గడిచిపోతుంది. మెదడు దెబ్బ వల్ల పడిపోయిన చెయ్యి కొన్నాళ్లకు బిగుసుకోవడం మొదలవుతుంది, స్నాయువు మీద తడితే ఎగురుతుంది. ప్లెక్సస్ చెయ్యి వదులుగా, రిఫ్లెక్స్ లేకుండా వేలాడుతూనే ఉంటుంది. ఐసీయూలో ఛాతీ ఫిజియోకి వెళ్లే థెరపిస్టు ఈ తేడా కనిపెట్టగలిగితే ఆ కుర్రాడికి ఒక నెల మిగులుతుంది.

బొమ్మలో పనికొచ్చేంత

మెడలో సి5 నుంచి ఛాతీ పైన టి1 దాకా అయిదు రూట్లు. అవి కలిసి మూడు ట్రంకులు, చీలి మళ్లీ కలిసి మూడు కార్డులు, చివరికి చేతిలోకి దిగే అయిదు పెద్ద నరాలు. రోజువారీ పనికి ఇంతకన్నా సులువైన దారి ఉంది. సి5 భుజాన్ని లేపుతుంది. సి6 మోచేతిని వంచుతుంది. సి7 మోచేతిని చాపుతుంది, మణికట్టు లేపడంలో తోడ్పడుతుంది. సి8 వేళ్లను ముడుస్తుంది. టి1 అరచేతిలోని చిన్న కండరాలను నడుపుతుంది. స్పర్శకైతే భుజం బయటి వైపు సి5, బొటనవేలు సి6, మధ్యవేలు సి7, చిటికెనవేలు సి8, మోచేతి లోపలి వైపు టి1. ఇది మరీ సరళం చేసిన లెక్క, ప్రతి కండరానికీ రెండు మూడు రూట్ల నుంచి సరఫరా ఉంటుంది. అయినా పేషెంట్ చొక్కా విప్పిన నిమిషంలో గాయం ఏ ఎత్తులో ఉందో ఊహించడానికి ఇది సరిపోతుంది.

పై రెండు రూట్లు పోయిన చెయ్యిని చూడగానే పోల్చుకోవచ్చు. భుజం లోపలికి తిరిగి, మోచెయ్యి చాపుకుని, అరచెయ్యి వెనక్కి చూస్తూ ఉంటుంది. వేళ్లు మాత్రం చక్కగా పనిచేస్తాయి. అంత మంచి చెయ్యి ఉండీ నోటి దాకా తీసుకురాలేడు. కింది రెండు పోతే దీనికి తలకిందులు: భుజం, మోచెయ్యి బాగుంటాయి, వేళ్లు పట్టు వదిలేసి పక్షి గోళ్లలా వంకరపోతాయి.

కాండం విరిగిందా, వేర్లతో ఊడిందా

మొక్క కాండం విరిగితే మళ్లీ చిగురించే ఆశ ఉంటుంది, వేర్లతో సహా ఊడివస్తే ఉండదు. ప్లెక్సస్ విషయంలో మొత్తం భవిష్యత్తు ఈ తేడా మీదే నిలబడి ఉంది. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

స్పర్శ తెచ్చే నరకణాలు వెన్నుపాములో ఉండవు. దాని పక్కనే, వెన్నుపూసల సందులో, గాంగ్లియన్ అనే చిన్న బుడిపెలో ఉంటాయి. ఆ బుడిపెకు అవతల, చెయ్యి వైపు తెగితే అది పోస్ట్‌గాంగ్లియానిక్ గాయం. అక్కడ వెన్నుపాముతో సంబంధం ఉన్న మొదలు ఒకటి మిగిలి ఉంటుంది, సర్జన్ దానికి వేరే నరం ముక్క అతికించి దారి వేయగలడు. బుడిపెకూ వెన్నుపాముకూ మధ్య ఊడితే ప్రీగాంగ్లియానిక్, అవల్షన్ అంటాం. అతికించడానికి అక్కడ మొదలంటూ ఉండదు. దానంతట అది కోలుకోవడం ఉండదు. ఎన్నాళ్లు ఫిజియో చేసినా రాదు. కఠినంగా ఉన్నా ఈ మాట మనకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేమీ లేకుండానే చాలా చూడొచ్చు. ముందు ముఖం. దెబ్బ తగిలిన పక్క కనురెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదై ఉంటే హార్నర్ సిండ్రోమ్, టి1 వెన్నుపాము దగ్గరే ఊడిందని అనుమానించాలి. వెలుతురు తగ్గించి చూస్తే పాపల తేడా బాగా తెలుస్తుంది. పేషెంట్ ఫోన్‌లో ప్రమాదానికి ముందు దిగిన సెల్ఫీ ఉంటే పక్కన పెట్టి పోల్చండి.

తర్వాత చొక్కా తీయించి స్టూలు మీద కూర్చోబెట్టి వెనక నిలబడండి. రెక్క ఎముకను వెన్నెముక వైపు లాగే రాంబాయిడ్ కండరానికి నరం సి5 రూట్ నుంచి చాలా పైనే చీలిపోతుంది. నడుము మీద చెయ్యి పెట్టించి, అది నిలవకపోతే మనమే పట్టుకుని, మోచేతిని వెనక్కి నెట్టమనాలి. వెన్నెముకకూ రెక్క ఎముకకూ మధ్య వేళ్లు పెడితే కండరం గట్టిపడటం తెలుస్తుంది. తెలియకపోతే సి5 చాలా లోపలే తెగింది. రెక్క ఎముకను ముందుకు జరిపే సెరేటస్ కూడా అలాగే, దాని నరం సి5, సి6, సి7 రూట్ల నుంచే నేరుగా వస్తుంది. పుస్తకంలో చెప్పినట్టు గోడను నెట్టమంటే వేలాడే చెయ్యి ఏం నెడుతుంది? అతని చేతిని మనం ముందుకు ఎత్తి మోస్తూ, "ఇంకా ముందుకు అందుకో" అనాలి. రెండో చేతి బొటనవేలు రెక్క ఎముక కింది మూల దగ్గర ఉంచితే, అది ముందుకు జారుతోందో లేదో తెలుస్తుంది.

ఇక కాలర్‌బోన్ పైన వేలితో మెల్లగా తట్టడం, టినెల్ పరీక్ష. తట్టినప్పుడు బొటనవేలి దాకా జివ్వుమని పాకితే సంతోషించాల్సిన విషయం, వెన్నుపాముతో సంబంధం ఉన్న నరపు మొదలు అక్కడ ఉన్నట్టు. ఎక్కడ తట్టినా ఏమీ లేకపోతే అనుమానం పెరుగుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో ఆ పక్క డయాఫ్రమ్ (ఊపిరి కండరం) పైకి లేచి ఉంటే దాన్ని నడిపే ఫ్రెనిక్ నరం కూడా దెబ్బ తిన్నట్టు, అంటే గాయం బాగా పైన ఉంది. స్పర్శే లేని చేతిలో మొదటి రోజుల నుంచే మంట, కరెంట్ షాకుల్లాంటి నొప్పి ఉందంటే అదీ అవల్షన్ వైపే వేలు చూపిస్తుంది.

నరంలో సంకేతం పారుతోందో లేదో చూసే నర్వ్ కండక్షన్ రిపోర్టు దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. చెయ్యి మొద్దుబారి ఉంటుంది, గిచ్చినా తెలీదు. రిపోర్టులో మాత్రం సెన్సరీ నార్మల్ అని ఉంటుంది. ఇంటివాళ్లు సంబరపడతారు, రిపోర్టు చూపించి "స్పర్శ నరం బాగానే ఉందట సార్" అంటారు. నిజానికి అది చాలా చెడ్డ వార్త. బుడిపెకు వెనక ఊడింది కాబట్టే నరకణం చెడకుండా చెయ్యి వైపు తీగను బతికిస్తోంది. యంత్రానికి సంకేతం అందుతోంది, మెదడుకు అందడం లేదు. ఈ ఒక్క సంగతి తెలిసిన థెరపిస్టు ఎన్ని నెలలు కాపాడగలడో చెప్పలేను.

ఈ పరీక్షలకూ ఒక వేళ ఉంది. తెగిన నరం కింది భాగం పూర్తిగా చెడి, ఆ మార్పు ఈఎంజీలో (కండరంలోని విద్యుత్తును చూసే పరీక్ష) కనిపించడానికి మూడు వారాలు పడుతుంది. మొదటి వారంలో చేయించిన రిపోర్టు మోసం చేస్తుంది, మూడు నాలుగు వారాలకు చేయించాలి. ఎమ్మారైలో గానీ సీటీ మైలోగ్రామ్‌లో గానీ రూట్ ఊడిన చోట వెన్నునీటి తిత్తి కనిపించవచ్చు.

గాయం తీవ్రతకు 1943లో సెడాన్ ఇచ్చిన మూడు మెట్లు, 1951లో సండర్లాండ్ చేసిన అయిదు మెట్లు మీకు తెలిసినవే. ప్లెక్సస్‌లో చిక్కేమిటంటే ఒకే చేతిలో అన్నీ ఉండొచ్చు. సి5 మొద్దుబారి ఊరుకుంది, సి6 తెగింది, సి7 ఊడింది. అందుకే "ఈ పేషెంట్‌ది ఏ గ్రేడ్?" అనే ప్రశ్నకు అర్థం లేదు. ఏ రూట్‌ది ఏ గ్రేడ్ అని అడగాలి.

నరం నడక, కండరం ఓపిక

తెగిన నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మెడ నుంచి అరచేతిలోని చిన్న కండరాల దాకా పెద్దవాళ్లలో ఉజ్జాయింపుగా 60, 70 సెంటీమీటర్లు. అంటే ఎక్కడా ఆగకుండా నడిచినా రెండేళ్లకు దగ్గర. సరఫరా లేని కండరం అన్నాళ్లు ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర దాటేసరికి నరం వచ్చి తగులుకునే చోటు చెడిపోతుంది, కండరం కొవ్వు, పీచుగా మారుతుంది. అప్పుడు నరం చేరినా కదలిక రాదు.

ఈ లెక్క నుంచే ఆపరేషన్ సమయం పుడుతుంది. కత్తితోనో గాజుతోనో తెగిన గాయమైతే రోజుల్లోనే తెరిచి చూస్తారు. లాగుడు గాయమైతే కోలుకునే సూచనల కోసం మూడు నెలల దాకా చూస్తారు. అవల్షన్ అని తేలిపోతే అంతసేపు ఆగాల్సిన పనీ లేదు. మూడు నుంచి ఆరు నెలల లోపు చేస్తే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి, ఆ తర్వాత నెలనెలా తగ్గుతూ పోతాయి. కాబట్టి ప్రమాదం జరిగి ఆరు వారాలైనా భుజం, మోచెయ్యి కదలడం మొదలు కాకపోతే, నా ఉద్దేశంలో, ఆ కుర్రాణ్ణి సర్జన్ దగ్గరికి పంపాల్సిందే. పంపడమంటే ఫిజియో మానేయమని కాదు, రెండూ కలిసి నడుస్తాయి. పంపే చీటీలో పైన ప్రమాదం తేదీ, దాని కింద తేదీలతో కండరాల చార్టు, కన్ను, రెక్క ఎముక, టినెల్ గురించి ఒక్కో వాక్యం. అంతకన్నా పెద్ద ఉత్తరం ఏ సర్జనూ అడగడు. కోయంబత్తూరు గంగా హాస్పిటల్ లాంటి చోట్లకు మనవాళ్లు రైలెక్కి వెళ్తుంటారు. అంత దూరం వెళ్లేవాడి చేతిలో ఆ చార్టు ఉంటే పని సగం తేలికవుతుంది.

మెడ దగ్గర అతికించి చేతి దాకా పెరగమనడం కన్నా, బాగున్న నరంలోంచి ఒక పోగు తీసి కండరం పక్కనే కలిపేస్తే దారి తగ్గుతుంది. నర్వ్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇదే. ఫ్రాన్స్‌కు చెందిన ఓబర్లిన్ 1994లో చిటికెనవేలి వైపు వెళ్లే అల్నార్ నరంలోని ఒక పోగును, మోచేతిని వంచే బైసెప్స్‌కు వెళ్లే కొమ్మకు కలిపే పద్ధతి ప్రచురించాడు. పై రూట్లు మాత్రమే పోయినవాళ్లకు ఇది వరం లాంటిది. చేతి పట్టు పెద్దగా తగ్గకుండానే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో బైసెప్స్ మొదటి కదలిక చూపిస్తుంది. భుజానికైతే మెడ వెనక నుంచి వచ్చే స్పైనల్ యాక్సెసరీ నరాన్ని భుజాన్ని కదిలించే సుప్రాస్కాపులర్ నరానికి కలుపుతారు. భుజాన్ని లేపే డెల్టాయిడ్‌కు, మోచేతిని చాపే ట్రైసెప్స్ నరపు కొమ్మను ఇచ్చే పద్ధతి థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. అయిదు రూట్లూ పోయినవాడికి చేతిలో అప్పు తెచ్చుకోవడానికి నరమే మిగలదు. అప్పుడు పక్కటెముకల మధ్య నరాలు తెస్తారు, లేదా 1986లో షాంఘైలో గు యూడాంగ్ మొదలుపెట్టినట్టు బాగున్న రెండో వైపు సి7నే అడ్డంగా తీసుకొస్తారు. అలాంటి చేతికి మొదటి లక్ష్యం మోచెయ్యి వంగడం, తర్వాత భుజం నిలవడం. వేళ్ల పని ఆ తర్వాతి మాట. ఇంటివాళ్లకు ఇది ముందే చెప్పాలి.

ఎదురుచూసే నెలల్లో

నరం పెరగడానికి మనం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. నరం వచ్చేదాకా కీళ్లు బిగుసుకోకుండా చూడటం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. బైసెప్స్ చక్కగా తిరిగి వచ్చాక మోచెయ్యి బిగుసుకుపోయి ఉంటే ఆ తప్పు సర్జన్‌ది కాదు.

ముందుగా పోయేది భుజం బయటికి తిరగడం. చెయ్యి రోజంతా స్లింగ్‌లో పొట్టకు అంటుకుని ఉంటుంది కదా. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు స్లింగ్ కావాలి, లేకపోతే బరువుకు భుజం కీలు కిందికి జారుతుంది. కూర్చున్నప్పుడు తీసేసి ముంజేతిని దిండు మీద పెట్టుకోవచ్చు. ఇది చెప్పకపోతే నిద్రలోనూ స్లింగ్ తీయరు. వ్యాయామం చేయించేది ఇంట్లో తల్లో భార్యో అయి ఉంటుంది, కాబట్టి నేర్పించాల్సింది వాళ్లకు. మోచేతిని ఒంటికి ఆనించి ఉంచి, భుజాన్ని కింద నుంచి ఒక చేత్తో ఆసరా ఇస్తూ, ముంజేతిని నెమ్మదిగా బయటికి తిప్పాలి. చెయ్యి పట్టుకుని పైకి గుంజడం మాత్రం వద్దు, వదులైన కీలుకు అది ఇంకో దెబ్బ.

వేళ్లు అరచేతిని కలిసే ఎంసీపీ కీళ్లు చాపుకుని బిగుసుకుంటే తర్వాత వంచడం మహా కష్టం. రాత్రిపూట ఆ కీళ్లు వంగి, వేళ్లు చాపుకుని, బొటనవేలు ఎడంగా ఉండేలా స్ప్లింట్ వేయాలి. థర్మోప్లాస్టిక్ షీటు దొరక్కపోతే ప్లాస్టర్‌తో చేసినా పనవుతుంది. లోపల దూది సరిగ్గా సర్దాలి, ఒత్తుకున్నా అతనికి తెలీదు. స్పర్శ లేని చర్మానికి ఇంట్లో ఎదురయ్యే పెద్ద ప్రమాదం కాపడం. ప్రేమకొద్దీ పెద్దవాళ్లు వేడి ఉప్పు మూట పెడతారు, సాయంత్రానికి బొబ్బ లేస్తుంది. పొయ్యి, బండి సైలెన్సర్, వేడి గ్లాసు, వీటి గురించి మొదటి రోజే చెప్పండి. చేతిని రోజుకోసారి కళ్లతో చూసుకోవడం అలవాటు చేయించండి.

ఇక కరెంటు. పేషెంట్లు ఫిజియో అంటేనే కరెంటు అనుకుంటారు, పెట్టకపోతే ఏమీ చేయలేదని అలుగుతారు. నరం లేని కండరం చిన్న పల్స్‌కు స్పందించదు, పొడుగాటి పల్స్ కావాలి. దానితో కండరం ఎగిరినా, నరం త్వరగా పెరుగుతుందని గట్టి ఆధారం లేదు. మొద్దుబారిన చర్మం కాలే ప్రమాదం ఉంది. ఆపరేషన్ టేబుల్ మీదే, కలిపిన నరానికి గంటసేపు 20 హెర్ట్జ్ కరెంటు ఇచ్చే పద్ధతి మీద ఆశాజనకమైన పరిశోధన వచ్చింది, అది వేరే సంగతి. దాన్ని చూపించి క్లినిక్‌లో నెలల తరబడి కండరానికి పెట్టేదాన్ని సమర్థించుకోలేం. రోజూ ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చి పది నిమిషాలు కరెంటు పెట్టించుకుని వెళ్లేవాడి ఛార్జీ డబ్బులు సర్జన్ దగ్గరికి వెళ్లే టికెట్‌కు వాడితే మేలు.

దొంగ కదలికలు

నెలనెలా చార్టు రాసేటప్పుడు చెయ్యి మనల్ని మోసం చేస్తుంది. పేషెంట్ కావాలని చేయడు, ఒళ్లు అడ్డదారి వెతుక్కుంటుంది. బైసెప్స్ లేనివాడు మణికట్టు ముడిచి, అరచెయ్యి కిందికి తిప్పి, ముంజేతి కండరాలతో మోచేతిని విసిరినట్టు వంచుతాడు. "వచ్చేసింది సార్!" అంటాడు. బైసెప్స్ స్నాయువు మీద వేలు పెట్టి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. భుజం లేపమంటే నడుము అవతలికి వాల్చి, రెక్క ఎముకను పైకి ఎగరేస్తాడు. మోచెయ్యి చాపడం చాలాసార్లు భూమ్యాకర్షణ చేసే పని. మణికట్టు లేపితే వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి, అది సి8 కోలుకోవడం కాదు. కంటితో చూసి గ్రేడు రాయకండి, వేలితో కండరాన్ని తాకి రాయండి. ఎంఆర్‌సీ స్కేలులో (కండరం బలానికి సున్నా నుంచి అయిదు దాకా వేసే మార్కులు) ఒకటికీ రెండుకూ మధ్య తేడా సర్జన్ నిర్ణయాన్నే మార్చేస్తుంది. దొంగ కదలికకు రెండు అని వేస్తే ఆయన ఇంకో మూడు నెలలు ఆగుతాడు.

మెదడుకు కొత్త దారి

నర్వ్ ట్రాన్స్‌ఫర్ తర్వాత మన పని అసలు రంగు బయటపడుతుంది. కండరం బైసెప్సే, ఆజ్ఞ వచ్చేది మాత్రం మణికట్టును, వేళ్లను ముడిచే నరం నుంచి. మెదడుకు ఈ మార్పు తెలీదు. అందుకే ఆపరేషన్‌కు ముందే అరువిచ్చే కండరాన్ని విడిగా బిగించడం నేర్పించి ఉంచాలి. ఆపరేషన్ అయ్యాక సర్జన్ చెప్పినన్నాళ్లు కదపకూడదు. పక్కటెముకల నరాలు తెచ్చినవాళ్లకు భుజాన్ని దూరంగా లేపకూడదనే నిబంధన ఇంకా ఎక్కువకాలం ఉంటుంది, అతుకు మీద లాగుడు పడకుండా.

ఓబర్లిన్ ఆపరేషన్ అయిన పేషెంట్‌ను బల్ల ముందు కూర్చోబెట్టండి. చేతిని భుజం ఎత్తులో బల్ల మీద ఆనించి, కింద కాస్త టాల్కమ్ పౌడర్ చల్లితే ముంజెయ్యి బరువు లేకుండా జారుతుంది. బాగున్న చేత్తో ముందు చేసి చూపించమనండి: చిటికెనవేలి వైపు మణికట్టు ముడవడం, మెత్తటి బంతి నొక్కడం, అదే సమయంలో మోచెయ్యి వంచడం. తర్వాత రెండు చేతులతో. మీ వేలు బైసెప్స్ స్నాయువు మీదే ఉండాలి. మొదటి స్పందన కంటికి కనిపించదు, వేలికింద సన్నగా అదిరినట్టు తెలుస్తుంది. అది తెలిసిన రోజున అతని రెండో చేతి వేలిని కూడా అక్కడ పెట్టించండి, నమ్మకం కుదురుతుంది. కొత్తగా నరం అందిన కండరం త్వరగా అలసిపోతుంది. గంటసేపు ఒకేసారి చేయించేకన్నా అయిదేసి నిమిషాలు రోజులో చాలాసార్లు చేయిస్తేనే ఉపయోగం. బలం వచ్చేకొద్దీ బంతి నొక్కకుండా మోచెయ్యి వంచడం, ఆ తర్వాత గ్లాసు పట్టుకుని పిండేయకుండా నోటి దాకా తేవడం నేర్పించాలి.

పక్కటెముకల నరాలైతే ఆజ్ఞ ఊపిరిలో ఉంటుంది. గట్టిగా ఊపిరి పీల్చి పట్టి మోచెయ్యి వంచమంటాం. మొదట్లో దగ్గినా తుమ్మినా మోచెయ్యి దానంతట అది ఎగురుతుంది. పిల్లలు చూసి నవ్వుతారు, పేషెంట్ భయపడతాడు. అది మంచి సూచన అని ముందే చెప్పి ఉంచితే టెన్షన్ పడడు. నెలలు గడిచేకొద్దీ ఊపిరితో సంబంధం లేకుండా వంచగలుగుతాడు.

నొప్పి

కింది రూట్లు ఊడినవాళ్లలో చాలామందికి నొప్పి మిగిలిపోతుంది, నరకాస్ దీనికీ డెబ్భై శాతమే అన్నాడు. వాళ్ల మాటల్లోనే చెప్పాలంటే చేతిని నిప్పుల్లో పెట్టినట్టు, రోకలితో దంచినట్టు. దాని మీద అప్పుడప్పుడు షాకులు. చలికి, దిగులుకు పెరుగుతుంది. పనిలో పడితే తగ్గుతుంది, అందుకే ఖాళీగా ఇంట్లో కూర్చోబెట్టడం దీనికి చెడ్డ వైద్యం. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు డాక్టరు చూసుకుంటారు. మన వైపు నుంచి స్పర్శ మిగిలి ఉన్న పైభాగంలో టెన్స్ (చర్మం మీద పెట్టే సన్నటి కరెంటు), అద్దం ముందు వ్యాయామం ప్రయత్నించవచ్చు. అందరికీ పనిచేయవు, కొందరికి రాత్రి నిద్ర దక్కుతుంది. మందులకు లొంగని నొప్పికి వెన్నుపాము దగ్గర చేసే డ్రెజ్ అనే ఆపరేషన్ ఉందని పేషెంట్‌కు తెలిసి ఉండాలి. నొప్పి భరించలేక "ఈ చెయ్యి తీసేయండి సార్" అనేవాళ్లుంటారు. ఈ నొప్పి పుట్టేది వెన్నుపాములో కాబట్టి చెయ్యి తీసేసినా పోదని నిదానంగా వివరించాలి.

ఒంటిచేత్తో

ఏడాది దాటాక వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లకు దారులు పూర్తిగా మూసుకోలేదు. తొడ లోపలి గ్రాసిలిస్ కండరాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి చేతిలో పెట్టి కొత్త నరం కలుపుతారు, జపాన్‌లో దోయ్ ఇలా రెండు కండరాలు పెట్టి మోచేతితో పాటు వేళ్ల పట్టు కూడా తెచ్చే పద్ధతి చూపించాడు. పనిచేసే కండరాల టెండన్లు మార్చడం, భుజాన్నో మణికట్టునో ఒక భంగిమలో అతికించేయడం లాంటివీ ఉన్నాయి. ఏది చేసినా ముందు కీళ్లు బిగుసుకుపోకుండా ఉండాలి, ఆ పని మనదే.

ఆపరేషన్ ఫలితం కోసం చూస్తూ జీవితాన్ని ఏడాదిన్నర ఆపేయకూడదు. కుడిచెయ్యి పోయినవాడికి మన ఊళ్లలో అన్నిటికన్నా పెద్ద బాధ భోజనం. ఎడమచేత్తో తినడానికి సిగ్గుపడి పెళ్లిళ్లకు పోవడం మానేస్తాడు, ఇంట్లో అందరూ తిన్నాక తింటాడు. అడిగితేగానీ చెప్పరు, కాబట్టి అడగండి. స్పూన్ ఇవ్వడం ఒక్కటే సరిపోదు, వాళ్ల నాన్నను కూర్చోబెట్టి మాట్లాడాల్సి రావచ్చు. ఒంటిచేత్తో చొక్కా గుండీలు, లుంగీ ముడి, ప్యాంటు జిప్పు, ఎడమచేతి రాత, ఇవన్నీ థెరపీ సెషన్‌లో నేర్పించాల్సిన పనులే. సంతకం మారిపోతుంది కాబట్టి బ్యాంకులో కొత్త సంతకం ఇప్పించమని గుర్తుచేయండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. వైకల్య సర్టిఫికెట్ కోసం వెళ్లే సదరం క్యాంపులో డాక్టరు ముందు పేషెంట్ నిలబడేది కొద్ది నిమిషాలు. ఏ కీలు ఎంత కదులుతుంది, ఏ కండరానికి ఎంత బలం, స్పర్శ ఎక్కడ లేదు అని తేదీల వారీగా మనం రాసిన చార్టు జిరాక్స్ అతని ఫైల్‌లో ఉండాలి. ఒరిజినల్ ఇవ్వకండి, క్యాంపుల్లో కాగితాలు పోతాయి.